రాయ్నా గట్టు మీది దొంగలు

పొద్దున్నే రాయ్నాకి ఒళ్ళు మండిపోయింది. గేటు పక్క గట్టు మీద, అక్రోటు చెట్టు నీడలో మళ్ళీ గుంట పడింది. నిన్నటిదాకా పచ్చగా ఉన్న చోట ఎవరో మొక్కని వేళ్ళతో సహా పెరికి పట్టుకుపోయారు.

"వీళ్ళ చేతులు పడిపోను! కొమ్మ తుంచుకుంటే ఎవరొద్దన్నారు? వేరుతో సహా ఎందుకు పీకడం?"

ఆ చెట్టు కింద గడ్డి కూడా మొలవదు. గుమ్మడి పెడితే వాడిపోయింది, చిక్కుడు పెడితే మొలకే రాలేదు. మొండిగా బతికింది జ్ద్రావెత్స్ ఒక్కటే. జెరేనియం జాతి మొక్క అది. మంచుకి లొంగదు, ఏటికేడు చిగురిస్తుంది, లావుపాటి కాడలతో నేలంతా పాకి మట్టిని కదలనివ్వదు. వాళ్ళ భాషలో 'జ్ద్రావే' అంటే ఆరోగ్యం. పేరులోనే ఆరోగ్యం ఉంది కాబట్టి ఊళ్ళో పెళ్ళికీ అదే కావాలి, చుట్టాలకీ అదే కావాలి. బస్సెక్కేవాళ్ళ జేబులో కూడా ఎర్రదారం కట్టి అదే పెడతారు.

రాయ్నా భర్త దోబ్రి సిమెంటు బస్తాల మీద కూర్చుని ఇదంతా వేడుక చూస్తున్నాడు.

"ఏమే, నీ పచ్చ తివాచీ ఎంతదాకా వచ్చింది?"

"వెటకారం చాలు."

"గెర్గ్యోవ్‌డెన్ పండగ దాకా ఆగుతానన్నా, ఆగుతున్నా. ఆ రోజుకి గట్టు నిండకపోతే సిమెంటు పోసేస్తా. మర్నాడు నేను ప్లొవ్‌దివ్ ఆస్పత్రికి పోవాలి. గుండె కోసేవాళ్ళు ఎన్నాళ్ళుంచుతారో ఏమో! వానకి మట్టి గుమ్మంలోకి జారితే ఎవరెత్తుతారు?"

"నేనెత్తుతా. సిమెంటు పోస్తే మీ నాన్న నాటిన చెట్టు చస్తుంది. గుండె జబ్బు పెట్టుకుని పార పడితే నువ్వూ పోతావు!"

దోబ్రి వినే రకం కాదు. ఆపాలంటే గట్టు నిండాలి. ఈ దొంగలుండగా నిండేదెలా?

పోనీ అడిగితే ఇవ్వదా అంటే, దోసిళ్ళతో ఇస్తుంది. అడగరే! అడిగి తెచ్చుకున్న జ్ద్రావెత్స్ నాటుకోదనీ, దొంగిలించిందే బతుకుతుందనీ ఊరంతటికీ గట్టి నమ్మకం. రాయ్నా విరిగిన కాడలన్నీ కుండీల్లో గుచ్చి, "తీసుకోండి" అని అట్టముక్క మీద రాసి గేటు ముందు పెట్టింది. కుండీలకి సాలెగూళ్ళు పట్టాయి. గట్టు మీద గుంటలు మాత్రం పెరిగాయి.

చివరికి పక్కింటి గింకా ఏప్రన్ నిండా వేళ్ళతో దొరికిపోయింది.

"కళ్ళు కనపడ్డంలేదా గింకా? అన్ని కుండీలు పెట్టానుగా!"

"కనపడ్డాయి వదినా. కానీ నువ్వు ఇస్తానంటున్నావాయె. ఇచ్చింది బతకదు. మా కోడలికి నెలలు నిండాయి, నేనంత సాహసం చెయ్యలేను."

"అయితే నా గట్టు బోడిదైపోవాలా?"

"తిట్టు వదినా, కడుపారా తిట్టు. తిడితే వేరు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది."

ఇలాంటి మనిషితో ఏం వేగుతాం! రాయ్నా తల కొట్టుకుంటూ లోపలికి పోయింది. పోయాక ఆలోచన తట్టింది.

మర్నాడు అట్టముక్క పీకి పొయ్యిలో పడేసింది. కుండీల్ని కొట్టం వెనక దాచి, పాత గోనె కప్పి, పక్కనే కుక్కని కట్టేసింది. తర్వాత కంచె దగ్గర నిలబడి వీధంతా వినపడేలా అరిచింది.

"అవి నా ప్రాణం! ఎవరైనా ముట్టుకున్నారో, కాళ్ళు విరగ్గొడతా!"

తెల్లారేసరికి ఒక కుండీ లేదు. కుక్క తోక ఊపుతోంది. రాయ్నా వీధిలోకి వచ్చి శాపనార్థాలు పెట్టి, ఇంట్లోకి వెళ్ళి కడుపుబ్బ నవ్వుకుంది. ఆ తర్వాత గట్టు జోలికి ఎవరూ రాలేదు. పాత గుంటలు పూడుకుపోయాయి, గులాబీ రంగు పూలు విచ్చుకున్నాయి. పండగ ముందు పడ్డ పెద్దవానకి చారెడు మట్టి కూడా జారలేదు.

తీరా పండగనాడు లేచి చూస్తే, గట్టు సరిగ్గా నడిమధ్యన కొత్త గుంట!

రాయ్నాకి ఏడుపొచ్చినంత పనైంది. దోబ్రి కంట పడితే ఇప్పుడే సిమెంటు కలుపుతాడు. ముందు మనిషిని మెత్తబరుద్దామని, రేపటి ప్రయాణానికి ఓ కొమ్మ తుంచి ఎర్రదారం కట్టి, కొక్కేనికి వేలాడుతున్న అతని కోటు జేబులో చెయ్యి పెట్టింది.

చేతికి తడిమట్టి తగిలింది.

బయటికి తీస్తే, తడి కాగితంలో చుట్టిన వేరు. చుట్టూ ఎర్రదారం, ముడి మీద ముడి పడి చిక్కుపడిపోయి ఉంది. వెనక్కి తిరిగితే గుమ్మంలో దోబ్రి.

"ఆ గుంట నీ పనా?"

"ఆస్పత్రి కిటికీలో పెట్టుకుందామని..."

"నన్నడిగితే ఇవ్వనా?"

దోబ్రి నేల చూపులు చూశాడు. గోళ్ళ నిండా మట్టి.

"అడిగింది బతకదంటారుగా."

ఇన్నాళ్ళూ వెటకారాలాడిన మనిషి. లోపల ఇంత భయం పెట్టుకున్నాడని ఆమెకి ఇప్పుడే తెలిసింది.

"సిమెంటు గింకా మొగుడికి ఇచ్చేశాలే," అన్నాడు దోబ్రి. "తిట్టవేమే? తిడితే గట్టిగా పట్టుకుంటుందట."

రాయ్నా ఆ వేరుని తిరిగి అతని జేబులో పెట్టింది. ఏప్రన్ అంచుతో కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టింది. దొంగ వెధవా అంది, ముసలి మొండిఘటమా అంది, నీ మొహం మండా అంది. మర్నాడు బస్సు మలుపు తిరిగేదాకా తిడుతూనే ఉంది.