బ్రేకు డబ్బాలో కొబ్బరినూనె

ఆ ఏడు ధనుర్మాసంలో చలి గట్టిగానే ఉంది. అంతర్వేది నుంచి రాజోలు తిరిగే సోమేశ్వరరావుగారి పాత బస్సుకి తెల్లవారి మొదటి ట్రిప్పులో బ్రేకు అందడం లేదు. పెడల్ నేల దాకా దిగిపోతోంది. పది గంటలకి షెడ్డుకి తెచ్చేసరికి మాత్రం రాయిలా నిలబడుతోంది. మెకానిక్ అప్పన్న మూడు రోజులుగా బస్సు కిందే పడుకుని చక్రం చక్రం దగ్గరా బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీస్తున్నాడు.

"తొక్కరా కొండబాబూ."

డ్రైవర్ కొండబాబు తొక్కాడు.

"పట్టి ఉంచు... ఆఁ, వదులు. గాలి బుడగ లేదురా. వాషర్లు కొత్తవే. మరి పొద్దున్నే ఏ దెయ్యం పడతందో దీనికి!"

"ఏమో బాబాయ్" అన్నాడు కొండబాబు.

ఆ దెయ్యమేదో అతనికి తెలుసు. కార్తీకమాసంలో యాత్రికులతో ఐనవిల్లి వెళ్తుంటే దారిలో బ్రేకు ఆయిల్ అడుగంటింది. దగ్గర్లో కొట్టు లేదు. దర్శనానికి వేళ మించిపోతోందని జనం ఒకటే గోల. పక్కింట్లో అడిగి, గ్లాసుడు కొబ్బరినూనె బస్సులో బ్రేకు ఆయిల్ ఉండే డబ్బాలో పోసేశాడు. బండి నిక్షేపంగా నడిచింది. ఆనక అసలు ఆయిల్ నింపి, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మొన్న పొద్దున భార్య చిట్టెమ్మ తలకి రాసుకుందామని నూనె సీసా వంచితే చుక్క రాలేదు. చలికి తెల్లగా గడ్డకట్టింది. ఎండలో పెడితే కరిగింది. అది చూశాక కొండబాబుకి బ్రేకు సంగతి బోధపడింది. చెబితే ఉద్యోగం పోతుందని బయటపెట్టలేదు. నిన్న రెండో గేరు దాటకుండా, దేవుణ్ణి తలుచుకుంటూ తోలాడు. ఇవాళ మలుపులో బస్సు కాలవగట్టెక్కి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

కబురు తెలిసి సోమేశ్వరరావుగారు షెడ్డుకి వచ్చారు.

"ముసలాణ్ణి నమ్ముకుంటే నా బస్సు కాలవలో తేలేదే. అప్పన్నా, ఇంక చాలు. రేపట్నించి రాకు."

అప్పన్న గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఆయ్, అలాగేనండి. నా చేతికి తెలీడం మానేసినట్టుందండి."

పానాలు ఒక్కొక్కటే గోనెసంచిలో వేసుకోసాగాడు. మూడోది పడ్డ చప్పుడుకి కొండబాబు సీటు దిగిపోయాడు.

"బాబాయి తప్పేం లేదండి. కార్తీకంలో డబ్బాలో కొబ్బరినూనె పోసేనండి, నేను. మొన్న ఇంట్లో నూనె సీసా గడ్డకడితే తెలిసిందండి."

"ఏంటీ? నా బస్సుకి తలంటు పోసేవంట్రా?"

అప్పన్న డబ్బాలో పైపైన ఉన్న ఆయిల్ కాస్త సోడా గ్లాసులోకి తోడి, కుండలో చన్నీళ్ళు గిన్నెలో పోసి అందులో నిలబెట్టాడు. కాసేపటికి పైన తెల్లటి మీగడ కట్టింది. సోమేశ్వరరావుగారు నోటికొచ్చినట్టు తిట్టి, తాళాలు లాక్కున్నారు.

"ఆ వేళ దారి లేక, బాబాయ్..."

"పోసినందుక్కాదురా. అవసరానికి ఎవడైనా పోస్తాడు. రెండ్రోజుల్నించీ తెలిసుండి, నేను తొక్కమన్నప్పుడల్లా తొక్కేవు చూడు."

అప్పన్న మళ్ళీ బస్సు కిందికి దూరాడు. గొట్టాల్లో ఆయిలంతా తీసి కడగాలి. దానికి పైన ఒకరు పెడల్ తొక్కుతుండాలి. కొండబాబు మెట్టు మీద కాలు పెట్టాడు.

"బాబుగారూ, తమరు కాస్త తొక్కుతారాండీ?" అంది కిందనుంచి గొంతు.

సోమేశ్వరరావుగారు ఇస్త్రీ పంచె ఎగ్గట్టి డ్రైవర్ సీటెక్కారు. కొండబాబు మెట్టు మీది కాలు తీసేశాడు.