నాన్న ఉమ్మని రోజు

మా నాన్న అందరి మీదా ఉమ్ముతాడు. పుట్టిన బిడ్డ నుదుటి మీద, ప్రయాణమయ్యేవాళ్ల అరచేతుల్లో, ఈనిన ఆవు వీపు మీద, చివరికి నేను తెచ్చి చూపించిన డ్రైవింగ్ లైసెన్సు మీద కూడా. పశువుల మీద బతికే మా మాసాయి తెగలో పెద్దవాళ్ల ఉమ్మి అంటే దీవెన. అది పడకుండా బయల్దేరితే దారి కలిసిరాదంటారు. నువ్వు నమ్ముతావా అంటే, సింహాలు తిరిగే చోట టైరు పంక్చరైనప్పుడు అడగండి, చెబుతాను.

ఆ ఏడాది సరస్సు ఒడ్డు జిల్లాల్లో పాడు జ్వరం లేచింది. ముదిరితే ఒంట్లోంచి రక్తం పోతుంది. రోగి చెమట తగిలినా, ఉమ్మి తగిలినా అంటుకుంటుంది. మా వైపు ఒక్కరికీ రాలేదు, అయినా సఫారీకి వచ్చేవాళ్లు మాత్రం ఆగిపోయారు. నా జీపు నెలల తరబడి షెడ్డులోనే పడి ఉంది. ఆఖరికి ఒక్కావిడ వచ్చింది. పేరు హాల్డిస్, నార్వేలో పోస్టాఫీసు పని చేసి రిటైరయింది. ఊళ్లో ఉత్తరాలన్నీ చదివిన మనిషిలా ప్రతిదీ ఆరా తీస్తుంది.

జీపెక్కగానే నా జాగ్రత్తలు అప్పజెప్పాను. చేతులు కలపొద్దు, సంతల్లో దిగొద్దు, గబ్బిలాలుండే గుహల జోలికి పోవద్దు, ఒళ్లు వెచ్చబడితే దాచకుండా చెప్పాలి.

"మరి నీకు వెచ్చబడితే, సియానోయి?" అంది.

"నాకు కోపమొస్తే తప్ప ఒళ్లు వేడెక్కదు అమ్మగారూ."

అడవి జంతువుల పార్కుకి పోయే దారిలోనే మా ఇళ్లు. ఇన్నాళ్లకు దొరికిన పని, నాన్న దీవెన లేకుండా ఎలా పోతాను? ఎడ్లు అమ్మడానికి పోయి మొన్ననే వచ్చాడని అమ్మ ఫోన్లో చెప్పింది కూడా. హాల్డిస్‌ని జీపులోనే ఉండమని నేనొక్కదాన్నే దిగాను.

నాన్న ముళ్లకంచె బయట, తుమ్మ చెట్టు కింద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఎర్ర దుప్పటి ముక్కు దాకా కప్పుకున్నాడు. అమ్మ ఆయనకి దూరంగా ఒక రాయి మీద టీ గ్లాసు పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా పోయింది. ఈ వయసులో అలకలా అని నవ్వొచ్చింది నాకు. ఆయన చెయ్యి నా నెత్తి మీద పెట్టాలని తల వంచుకుని దగ్గరికి నడిచాను.

"అక్కడే ఆగు!" అని అరిచాడు.

"నాన్నా, నేను..."

"నీ గొంతు నాకు తెలీదా? పో ఇక్కణ్ణుంచి!"

ఇంకో అడుగు వేశాను. రాయి నా చెవి పక్కనుంచి రయ్యిన పోయింది. ఆ వెనకే ఇంకోటి. మేకల్ని తోలినట్టు తోలాడు నన్ను, అదీ నా గెస్టు కళ్లముందు! తల తీసేసినట్టయింది. జీపు తలుపు ధడేల్మని వేసి బయల్దేరాను.

కొంతదూరం పోయాక హాల్డిస్ మెల్లగా అడిగింది. "అది కూడా దీవెనేనా?"

"కాదు. పొగరు!"

"నువ్వేం చేశావు?"

అదే నాకూ అంతుపట్టలేదు. దారి పొడుగునా నేను నా తప్పులు వెతుక్కుంటూనే ఉన్నాను. తిట్టాలంటే నోరుంది కదా, దుప్పటితో మూసుకోవడమెందుకు? పార్కు గేటు దగ్గర మా ఇద్దరి నుదుళ్లకూ మిషను పెట్టి జ్వరం చూసి, లోపలికి వదిలారు. పార్కులో చిరుతపులి కొమ్మ మీద కాళ్లు వేలాడేసుకుని పడుకుని ఉంటే, హాల్డిస్ దాన్ని చూస్తూనే మళ్లీ మొదలెట్టింది. "మీ నాన్న అలకలో ఉన్నవాడిలా లేడే. భయపడుతున్నవాడిలా ఉన్నాడు."

"మా నాన్నా? భయమా?" అని ఎగతాళి చేశాను గానీ, ఆ మాట నాలో ముల్లులా దిగింది.

మర్నాడు గుట్ట మీద సిగ్నల్ అందగానే అమ్మ ఫోను వచ్చింది. నాన్నని ఆస్పత్రి బండిలో తీసుకుపోయారట. దగ్గరి సంతలో బేరం కుదరక ఎడ్లని సరస్సు దాకా తోలుకుపోయాడట. అక్కడ ఆయనతో ఒకే గుడిసెలో పడుకున్న బేరగాడు ఆ జ్వరంతోనే చచ్చిపోయాడట.

"నువ్వు ముట్టుకోలేదు కదమ్మా?"

"లేదే. వచ్చిన రోజు నుంచీ కంచె లోపలికి అడుగు పెట్టలేదు, నన్ను దగ్గరికి రానివ్వలేదు, నీకు చెప్పనివ్వనూ లేదు. నువ్వొచ్చిన పొద్దుటే ఒళ్లు కాలడం మొదలైంది."

హాల్డిస్‌కి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ చెయ్యి నా భుజం దాకా వచ్చి, గుర్తొచ్చి ఆగిపోయింది. పార్కు డాక్టరుకి ఫోను చేశాను.

"ఎంత దూరంలో నిలబడ్డావు?" అని అడిగాడు.

"రాయి దెబ్బకి అందేంత దూరం."

"ముట్టుకోలేదుగా? అయితే భయం లేదు. రోజూ జ్వరం చూసుకుంటూ ఉండు."

నాన్న గండం గట్టెక్కాడు లెండి, ఇంటికి రావడానికే నెల పట్టింది. కానీ ఆ సాయంత్రానికి అదింకా నాకు తెలియదు. మళ్లీ అమ్మకి ఫోను చేసి ఆమె మీదే విరుచుకుపడ్డాను. "జ్వరమొచ్చింది, పోవే అని ఒక్క ముక్క చెప్పొచ్చుగా! రాళ్లెందుకు విసరాలి?"

"జ్వరమని చెబితే నువ్వు పోయేదానివా? ఒళ్లు పట్టుకుని చూసేదానివి కాదూ?" అంది అమ్మ. "నీ జీపు దుమ్ము కనబడగానే తాడు తెచ్చి తనని చెట్టుకి కట్టెయ్యమన్నాడే నాతో. పిల్ల వచ్చి తల వంచితే దీవించకుండా నేను ఆగలేనన్నాడు. నేనెలా దగ్గరికి వచ్చేదయ్యా అన్నాను. అప్పుడు లేచి రాళ్లు ఏరుకున్నాడు."

నేను ఫోను పట్టుకునే బావురుమన్నాను.