గాడిద ఎవరి బల్ల మీద

కంప్యూటర్ ఆటలు తయారుచేసే మా ఆఫీసులో ఒక గుడ్డ గాడిద బొమ్మ ఉంది. ఎవరు రాసిన స్క్రిప్టు, అంటే ఆటని నడిపే కోడు, వల్ల ఆట చెడిపోతే వాళ్ళ బల్ల మీద అది కూర్చుంటుంది, మరొకరు చెడగొట్టేదాకా. మొన్నటిదాకా ఆరేళ్ళలో అది ఒక్కసారి కూడా నా బల్ల ఎక్కలేదు. ఈ సంగతి గొప్ప కోసం చెప్పడం లేదు. కాదులెండి, గొప్ప కోసమే చెబుతున్నాను.

కొత్త ఆటకి స్క్రిప్టుల బాధ్యత నాకివ్వాలా, మా బావగారికివ్వాలా అన్నది శుక్రవారం తేలుస్తానన్నారు పెద్దసారు. బావగారంటే మా అక్క మొగుడు. నన్ను ఈ ఉద్యోగంలో చేర్పించింది ఆయనే. ఆ మాట వారానికి రెండుసార్లయినా నలుగురిలో గుర్తుచేస్తారు.

ఇప్పుడు చేస్తున్న ఆటంతా చీకటి గుహలో. ఆటగాడి చేతిలో టార్చి ఒక్కటే వెలుగు. అది తెర మీద ఎప్పుడూ కుడివైపు కింది మూలన కనబడాలి. అందుకు నేను రాసింది చిన్న లెక్క. ఆటలో మన కళ్ళలాంటి కెమెరా ఎక్కడుందో, ఎటు చూస్తోందో కనుక్కుని, అటువైపు ఒక అడుగు ముందుకు, జానెడు కుడికి, జానెడు కిందికి టార్చిని పెట్టి, వెలుగు కూడా అటే వేయాలి. కెమెరా కదిలిన ప్రతిసారీ మళ్ళీ లెక్కకట్టాలి. మనం తల తిప్పితే కళ్ళజోడు కూడా తిరుగుతుంది కదా, అంతే.

గురువారం, పెట్టుబడి పెట్టేవాళ్ళు రావడానికి గంట ముందు, టార్చి కాస్త వణుకుతున్నట్టు బావగారికి అనిపించింది. నన్నడిగితే నామోషీ. తనే నా స్క్రిప్టు తెరిచి, కెమెరా చూసే వైపు అని ఉన్నచోట ఉత్తరం వైపు అని మార్చేశారు. వణుకు పోయింది. ఆట మొదలయ్యేది ఉత్తరం వైపు నిలబడే కాబట్టి అంతా బాగున్నట్టే కనబడింది. ఒకసారి వెనక్కి తిరిగి చూద్దామన్న ఆలోచన ఆయనకి పుట్టుకతోనే లేదు.

వచ్చినవాళ్ళలో ఒకావిడ ఆటలో పదడుగులు నడిచి, వెనకేదో చప్పుడైతే గిరుక్కున తిరిగింది. టార్చి ఆమె వెనకే ఉండిపోయి ఉత్తరానికి వెలుగు చూపిస్తోంది. తెర మాత్రం తారు పూసినట్టు నల్లగా ఉంది.

"ఏమీ కనబడట్లేదేంటండీ?" అందావిడ.

"టార్చి మా మరదలి పని లెండి," అన్నారు బావగారు తడుముకోకుండా. "చిన్నపిల్ల, ఇంకా నేర్చుకుంటోంది."

నాకు ముప్ఫై నాలుగేళ్ళు. ఒళ్ళు మండిపోయింది. అయినా వచ్చినవాళ్ళ ముందు రచ్చ ఎందుకని నోరు మూసుకుని, పాత లెక్క మళ్ళీ పెట్టి ఆట నడిపించాను. మంచినీళ్ళు తాగి వచ్చేసరికి గాడిద నా బల్ల మీద ఉంది.

ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో మా దగ్గర మొత్తం రికార్డవుతుంది. తెరిచి చూశాను. బావగారి పేరు, టైముతో సహా ఉంది. శుక్రవారం మీటింగులో అందరూ కూర్చున్నాక గాడిదని తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"ఇది మీది బావగారూ. ఆ లైను మార్చింది మీరు. రికార్డులో ఉంది, తెరిచి చూపించమంటారా?"

తేలు కుట్టిన దొంగలా నోరు మెదపరనుకున్నాను. ఆయన పగలబడి నవ్వారు.

"చూశారా సార్! ఇంట్లోనూ ఇంతే ఇది. బావని ఆటపట్టించకపోతే పొద్దుపోదు దీనికి."

అందరూ నవ్వారు.

"నేను ఆటపట్టించడం లేదు," అన్నాను.

దానికి ఇంకా గట్టిగా నవ్వారు.

"బావామరదళ్ళ పరాచికాలు ఇంటి దగ్గర పెట్టుకోండమ్మా," అన్నారు పెద్దసారు కళ్ళు తుడుచుకుంటూ. తర్వాత బావగారి వైపు తిరిగి కొత్త ఆట ఎప్పుడు మొదలుపెడతారని అడిగారు. రికార్డు ఎవరూ తెరవలేదు. మీటింగు అయ్యాక గాడిదని ఎవరో మళ్ళీ నా బల్ల మీదికి చేర్చారు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"ఏమే, అందరి ముందూ మీ బావని ఏడిపించావటగా! ఇంటికొచ్చినప్పట్నించీ ఒకటే నవ్వు. కొత్త ఆట ఆయనకే ఇచ్చారటే, తెలుసా?"

అక్క కూడా నవ్వుతోంది. అది అంత హాయిగా నవ్వి ఎన్నాళ్ళయిందో.

"నిజంగానే గాడిదని తెచ్చి ఆయన ముందు పెట్టావా?"

"అవునక్కా," అన్నాను. "ఊరికే, సరదాకి."