తల దిగని టోపీ

నేను ఒక నల్ల టోపీని. కొన్ని వందల ఏళ్ళ కిందట లండన్‌లో ఒక ముసలి టోపీలవాడు కుందేలు బొచ్చును వేడినీళ్ళలో పిసికి, కొయ్య అచ్చుకు తొడిగి నన్ను తయారుచేశాడు. నన్ను కొన్నవాడు గిల్బర్ట్ హాథర్సే. తాత గొర్రెలు కాశాడు, తండ్రి ఉన్ని అమ్మి పొలాలు కొన్నాడు, ఇతను పార్లమెంటు సభ్యుడయ్యాడు. మూడు తరాల్లో అంత ఎత్తుకు ఎగబాకినవాడి నెత్తిన నాలాంటిది ఒకటి ఉండాల్సిందే మరి!

ఆ సభలో అందరూ టోపీలతోనే కూర్చుంటారు. మాట్లాడదలచినవాడు లేచి టోపీ తీయాలి. గిల్బర్ట్‌ను ఊరివాళ్ళు పంపింది ఒక్క పనికే. వాళ్ళ ఏటిగట్టు కూలిపోతోంది. దాన్ని భూస్వాములంతా కలిసి బాగుచేయించాలని చట్టం కావాలి. మొదటి వారమే లేచి నన్ను తీశాడు. వెనక బెంచీల్లోంచి ఎవరో "మే..." అని గొర్రెలా అరిచారు. సభంతా గొల్లుమంది. పాపం, నన్ను నెత్తిన పెట్టుకుని కూలబడ్డాడు. తర్వాత తొమ్మిదేళ్ళు, సభ ఎన్నిసార్లు కూడినా నన్ను తీయలేదు.

ఊరికి వచ్చినప్పుడల్లా అతన్ని పెంచిన దాది ఆగ్నెస్ ఎదురొచ్చేది. ఆమె గుడిసె ఏటి ఒడ్డునే.

"గట్టు సంగతి అడిగావా బాబూ? మా చెల్లెలు గుట్టమీదికి వచ్చెయ్యమంటోంది."

"అడిగానవ్వా. ఈ ఏడు తేలిపోతుంది. నువ్వెక్కడికీ పోనక్కర్లేదు."

"నువ్వు చెప్పావుగా, ఇంకేం నాయనా!"

సిగ్గు కప్పుకోవడానికి మనుషులకు అబద్ధం ఎంత సులువుగా దొరుకుతుందో! ఆ నెత్తి వేడెక్కడం నాకొక్కదానికే తెలిసేది.

తొమ్మిదో ఏడు చలికాలం మొదట్లో ఏరు గట్టు తెంచుకుంది. ఆగ్నెస్ గుడిసెతోపాటు కొట్టుకుపోయింది. మూడు మైళ్ళ దిగువన శవం దొరికింది. పూడ్చేటప్పుడు గిల్బర్ట్ నన్ను రెండు చేతులతో నలిపేశాడు. నాకు నొప్పి తెలియదంటారు గానీ, ఆ రోజు తెలిసింది.

మళ్ళీ సభ కూడగానే లేచి నన్ను తీశాడు. ఎవరో మళ్ళీ "మే..." అన్నారు.

"అనండి. మా తాత గొర్రెలకాపరే. నేను మాత్రం అడగకుండానే అడిగానని చెప్పి ఒక ముసలమ్మను చంపుకున్నాను," అన్నాడు గిల్బర్ట్.

ఎవరూ నవ్వలేదు. పావుగంట మాట్లాడాడు. ఆ నెలలోనే చట్టమయింది, మరుసటి ఏటికి గట్టు లేచింది. ఊరివాళ్ళు దండాలు పెడుతుంటే అతను తల వంచుకుని వెళ్ళిపోయేవాడు.

ఇప్పుడు ఆ ఊరి మ్యూజియంలో గాజుపెట్టెలో ఉన్నాను. "ఊరి కోసం సభలో గొంతెత్తిన మహనీయుడి టోపీ" అని కింద చీటీ పెట్టారు. పంతులమ్మలు పిల్లలకు దాన్ని గట్టిగా చదివి వినిపిస్తారు. ఆ పావుగంట తొమ్మిదేళ్ళ ముందే అతని చేతిలో ఉండిందని నేనెవరితో చెప్పుకోను? ఆ చీటీలో ఆగ్నెస్ పేరు లేదు.