ఉమ్మడి గోడ

గునపం దెబ్బకు గోడ కూలింది. దుమ్ము కాస్త తగ్గాక చూస్తే అవతల పెద్దమ్మ వంటగది. స్టవ్ మీద పాలగిన్నె, గిన్నె నిండా ఇటుక పొడి. గరిటె పట్టుకుని నిలబడి ఉంది పెద్దమ్మ. వీధి వీధంతా ఆమె వంటగదిలోకి చూస్తోంది.

"ఇదేం అన్యాయంరా? ఇది నా ఇల్లు!"

"మేం పక్కిల్లే కొట్టామమ్మా," అన్నాడు మేస్త్రీ తలెత్తకుండా. వాడూ కూలివాడే. వాణ్ణి ఏమనగలం?

పక్కిల్లు కరెంటు పనివాడిది. అపార్ట్‌మెంట్లు కట్టే కంపెనీకి అమ్మేసి ఊరి చివరికి వెళ్ళిపోయాడు. మా ఇళ్ళన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మిల్లు నడిచే రోజుల్లో, ఇటుక కలిసొస్తుందని, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకే గోడ కట్టారు. ఇల్లు ఎవరిది వాళ్ళదే, గోడ మాత్రం ఇద్దరిదీ. ఇది పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతే. అమ్మకం మాట వచ్చేసరికి ఒక్కరికీ గుర్తురాలేదు.

జనంలో మిషనక్క ఉంది. వీధికంతటికీ బట్టలు కుట్టే మనిషి. ఆ పాలగిన్నెను చూడగానే గబగబా ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది.

కంపెనీ పద్ధతి మీకు తెలియాలి. వాళ్ళు పేపర్లో ప్రకటన ఇవ్వరు, బ్రోకరును పంపరు. ఇస్త్రీ చొక్కా కుర్రవాడొకడు నేరుగా మీ గుమ్మంలోకి వస్తాడు. అమ్మా అంటాడు, నాన్నా అంటాడు, మంచినీళ్ళు అడిగి తాగుతాడు. "మధ్యలో బ్రోకర్ లేడు కాబట్టి ఈ రేటు మీ ఒక్కరికే. పక్కింటికి చెప్పకండి," అంటాడు. అంతే, ఆ రోజు నుంచి మీరు పక్కింటి వాళ్ళను చూసి ముఖం తిప్పుకుంటారు.

ఏ గుమ్మంలోకి ఎప్పుడు వెళ్ళాలో అతనికి చెప్పింది మిషనక్కే. అందుకు బదులుగా ఆమెకు కొత్త బిల్డింగులో కింద షాపు ఇస్తామన్నారు. కొలతలు తీసుకుంటూ నాలుగు మాటలు కదిపితే ఎవరింటి కష్టం ఏమిటో తెలిసిపోతుంది. కరెంటు పనివాడి భార్యకు ఆపరేషన్ అని ఆమె విన్న మర్నాడే కుర్రవాడు ఆ గుమ్మంలో ఉన్నాడు. ఎవరి ఇల్లు వాళ్ళు అమ్ముకుంటారు, మధ్యలో నాదేముంది అనుకుంది. గోడ సంగతి ఆమెకూ తట్టలేదు.

గోడ కూలిన సాయంత్రమే కుర్రవాడు పెద్దమ్మ దగ్గరికి వచ్చాడు. "ఇల్లు నిలబడదమ్మా. రేపు పొద్దున సంతకం పెట్టేసి ఇంకో చోటు చూసుకోండి." పెద్దమ్మకు ఇంకో చోటు లేదు.

అతను అటు వెళ్ళగానే, కూలిన ఇంటి ఇటుకల మీదే మీటింగు పెట్టాం.

"ఆశపడి అమ్ముకున్నాడే, వాణ్ణి అనాలి!" డ్రైవర్ బావ గొంతు చించుకున్నాడు.

"పెళ్ళాం మంచంలో ఉంటే ఏం చేస్తాడు?"

"అయితే పక్కవాళ్ళ కొంప కూలుస్తాడా?"

మిషనక్క లేచింది. "వాణ్ణి తిట్టకండి. ఆ అబ్బాయిని పంపింది నేను. పెద్దమ్మకు వెనకా ముందూ ఎవరూ లేరని చెప్పింది కూడా నేనే."

ఒకటే గోల. ఎవరో కొట్టబోతే పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"జాకెట్టు కొలత తీసుకుంటూ నా కొడుకు పోయిన సంగతి అడిగావు. నాతో పాటు ఏడ్చావు కూడా. నా మీద ప్రేమే అనుకున్నానే."

మిషనక్క సిగ్గుతో కుంచించుకుపోయింది.

"ఇంకా ఎవరెవరి దగ్గరికి వచ్చాడు వాడు?" పెద్దమ్మ అడిగింది.

డ్రైవర్ బావ మెల్లగా కూలబడ్డాడు. "నా దగ్గరికీ వచ్చాడు. ఆలోచించి చెప్తానన్నాను."

"మా ఇంటికీ," అంది టీచరమ్మ. "అడ్వాన్స్ ఎప్పుడిస్తారని కూడా అడిగాను."

ఇక వరసగా చేతులు లేచాయి. నాదీ లేచింది. అందరితోనూ మీ ఒక్కరికే అన్నాడు, అందరం నోరు మూసుకున్నాం. ఆమెను కొట్టబోయినవాళ్ళం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

"ఏడుపులు తర్వాత," అంది పెద్దమ్మ. "నా గోడ సంగతేంటి?"

అక్కడికక్కడే తీర్మానం చేశాం. ఇకమీదట గుమ్మంలో బేరాల్లేవు. ఎవడొచ్చినా నడివీధిలో, అందరి ముందూ మాట్లాడాలి. తర్వాత పడ్డ ఇటుకలే ఏరి, పడ్డ చోటే గోడ లేపాం. పొద్దున కూల్చిన మేస్త్రీయే వచ్చి తాపీ పట్టాడు. మిషనక్క ఇసుక మోసింది. ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. తట్ట మాత్రం ఎత్తి నెత్తిన పెట్టారు.

తెల్లవారాక కుర్రవాడు వచ్చాడు. వెంట పోలీసు జీపు. గోడను చూసి ముఖం మాడ్చుకుని, డ్రైవర్ బావ గుమ్మం ఎక్కి గొంతు తగ్గించాడు.

"అన్నా, మీ ఒక్కరితో ఒక మాట..."

"నడివీధిలోకి రా తమ్ముడూ. అక్కడ చెప్పు."

టీచరమ్మ గుమ్మంలోనూ అదే జవాబు. మూడో తలుపు తట్టకముందే లోపలి నుంచి "నడివీధికి!" అని కేక వినిపించింది. వీధంతా గొల్లున నవ్వింది.

"కంపెనీ స్థలంలో గోడ కట్టిందెవరు?" అరిచాడు ఎస్సై.

కుర్రవాడు మిషనక్క మీదికి వేలు చూపాడు. "ఆమే సార్, అందర్నీ రెచ్చగొట్టింది." మొన్నటి దాకా అక్కా అక్కా అని తిరిగినవాడు!

మిషనక్క కాదనలేదు. తనకు ఇలా జరగాల్సిందే అన్నట్టు తలొంచుకుని జీపెక్కి మూల కూర్చుంది. డ్రైవర్ బావ వెళ్ళి జీపుకు అడ్డంగా నిలబడ్డాడు. అతని పక్కన టీచరమ్మ, ఆ పక్కన మేమంతా. పెద్దమ్మ కొంగు బిగించి జీపు మెట్టు మీద కాలు పెట్టింది.

"నువ్వెక్కడికే ముసలమ్మా?"

"గోడ నాది. కేసూ నాదే."

మిషనక్క వెక్కి వెక్కి ఏడ్చింది. "నన్ను క్షమించావా పెద్దమ్మా?"

"లేదు. ముందు కాస్త జరుగు. వెనక వీధంతా ఎక్కాలి."