నీటి చుక్క పాఠం

“నీ పాఠాలు తెరుచుకోవట్లేదోయ్” అని ముందుగదిలోంచి కేకేశాడు ఆయన. ఆమె ఆయన చొక్కానే ఇస్త్రీ చేస్తోంది. కాలరు కింద ముడత ఒకటి మొండికేసింది. ఇస్త్రీ పెట్టె కొనతో దాన్ని అదుముతున్నదల్లా ఆ మాట విని ఒక్క క్షణం చెయ్యి ఆపింది. పాఠాల ఊసు ఆ ఇంట్లో వినపడి ఏళ్ళయింది. అవి సజావుగా ఆడినంతకాలం ‘మన పాఠాలు’. బయటివాళ్ళ ముందు ‘మా కంపెనీ పాఠాలు’. ఇవాళ మొరాయించాయి కనుక చక్కగా ‘నీ పాఠాలు’ అయి కూర్చున్నాయి. కూతురి విషయంలోనూ ఆయనది ఇదే వరస. మార్కులొస్తే నా కూతురు, జ్వరమొస్తే నీ కూతురు. అదేమిటని అడగడం ఆమె ఎప్పుడో మానేసింది.

వెళ్ళి చూస్తే తెర మధ్యలో బూడిదరంగు గడి ఒకటి ఖాళీగా కనిపించింది. ఈ ప్లగిన్ ఇక పనిచేయదని దాని కింద చిన్న అక్షరాలు. ఆ గడిలో ఉండాల్సింది ఒక నీటి చుక్క. ఆకు చివర వేలాడి, జారి, మట్టిలోకి ఇంకి, వాగులో కలిసి, ఎండకి ఆవిరై, మబ్బై, మళ్ళీ వచ్చి అదే ఆకు మీద పడాలి. పిల్లల పాఠాలు తయారుచేసే ఆయన కంపెనీకి అది మొట్టమొదటి పాఠం. వచ్చే నెలలో కంపెనీకి పాతికేళ్ళ వేడుకట. ఆయన వేదిక మీద మాట్లాడాలట. వెనక పెద్ద తెర మీద ఆ చుక్క జారాలట. “కాస్త చూసి పెట్టు, ఎలాగూ ఇంట్లోనే ఉంటావు” అని చెప్పి ఆయన స్నానానికి వెళ్ళిపోయాడు. ఆమె ఆ గడి ముందే కూర్చుండిపోయింది. లోపల్నుంచి చొక్కా కమిలిన వాసన వచ్చేదాకా కదల్లేదు.

ఏం రోజులవి! నెట్ కావాలంటే ఫోను తీగ పీకి కంప్యూటరుకి తగిలించాలి. అది కీచుమని, గురగురమని, నానా రాగాలూ తీసి చివరికి కలిస్తే బతుకు జీవుడా అనుకోవాలి. అత్తగారు పక్కగదిలో ఫోనెత్తారా, అంతా హుళక్కి. బొమ్మ ఒకటి పైనుంచి కిందికి అంగుళం అంగుళం దిగేది. అది పూర్తిగా వచ్చేలోపు గిన్నెలు తోముకుని రావచ్చు, ఆమె నిజంగానే తోముకుని వచ్చేది. అప్పటి బ్రౌజరుకి అక్షరాలూ కదలని బొమ్మలూ తప్ప పెద్దగా ఏమీ చేతకాదు. ఆడే బొమ్మ కావాలన్నా, పలికే గొంతు కావాలన్నా, వేరే కంపెనీ ఎవరో చేసిన ముక్క ఒకటి తెచ్చి దానికి తగిలించుకోవాలి. అదే ప్లగిన్. లేకపోతే బూడిదరంగు గడే. ఉంటే మాత్రం, అబ్బ, ఏం చెప్పాలి! తను గీసిన చుక్క మొదటిసారి ఆకు మీద వణికి కిందికి జారినప్పుడు ఆమెకి ఒళ్ళు ఝల్లుమంది. ఒళ్ళో ఉన్న చంటిపిల్ల చెయ్యి చాపి దాన్ని పట్టుకోబోయింది. అంత సంతోషం ఆమె మళ్ళీ చాలా ఏళ్ళు ఎరగదు.

అంతకుముందు ఆమె ఒక ప్రకటనల ఆఫీసులో బొమ్మలు గీసేది. పిల్ల పుట్టాక మానేసింది. మానెయ్యమని ఎవరూ అనలేదు, అదే తమాషా. పిల్లని ఎవరు చూస్తారని మాత్రం ఆయన అడిగాడు. నాకా మోకాళ్ళ నొప్పులు అని అత్తగారు గుర్తుచేశారు. నీ ఇష్టమమ్మా అని మామగారు పేపరు చాటునుంచి అన్నారు. అందరూ అంత స్వేచ్ఛ ఇచ్చాక ఇంకేం చేస్తుంది, రాజీనామా ఇచ్చింది. సరిగ్గా అప్పుడే ఆయన ఇద్దరు స్నేహితులతో కలిసి కంపెనీ పెట్టాడు. “ఖాళీగానే ఉన్నావు కదా, రెండు బొమ్మలు గీసి పెట్టు” అన్నాడు. ఖాళీ! పిల్ల పడుకుంటే గుడ్డలు, గుడ్డలయ్యాక వంట, వంటయ్యాక అత్తగారి మోకాళ్ళకి కాపడం, అది ముగిసేలోపు పిల్ల లేచి రాగం అందుకునేది. ఆ సందుల్లోనే ఇరికించుకుని ఆమె చుక్కని గీసింది. కథ ఆమే రాసింది, గొంతూ ఆమే ఇచ్చింది. ఇంటి చప్పుళ్ళు పడకూడదని గోడ బీరువాలో దూరి, వేలాడే బట్టల మధ్య ముడుచుకుని, ఒక చేత్తో తలుపు లాగిపట్టి, మరో చేత్తో మైకు పట్టుకుని రికార్డు చేసేది. ఒకసారి అత్తగారు ఇల్లంతా వెతికి, బీరువాలోంచి మాటలు వినపడేసరికి హడలిపోయారు. ఎవరితోనమ్మాయ్ మాట్లాడుతున్నావ్ అంటే నీటి చుక్కతో అత్తయ్యా అంది. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆవిడ కోడలి వంక అదోలా చూశారు.

చుక్క తర్వాత గింజ, గింజ తర్వాత నీడ, అలా పాఠాలు పెరిగాయి. పిల్లలు వాటిని ఎలా చూస్తారో కళ్ళారా చూద్దామని ఒకరోజు కూతుర్ని చంకనేసుకుని దగ్గర్లో ఉన్న బడికి వెళ్ళింది. క్లాసు నిండా పిల్లలు, ఒక్కటే కంప్యూటరు. టీచరు పేజీ తెరిస్తే బూడిదరంగు గడి వచ్చింది, ప్లగిన్ ఇన్‌స్టాల్ చేసుకోమంది. నొక్కితే మీకు అనుమతి లేదు పొమ్మంది. ఆ అనుమతి ఇచ్చే మనిషి ఎక్కడో పై ఆఫీసులో ఉంటాడట, ఎప్పుడొస్తాడో ఆయన ఇష్టం. వెనక బెంచీల పిల్లలు మునివేళ్ళ మీద లేచి, మెడలు సాచి, ఆ ఖాళీ గడినే కళ్ళార్పకుండా చూస్తున్నారు. ఇంకాసేపట్లో ఏదో వస్తుందని వాళ్ళ ఆశ. ఆమెకి తల కొట్టేసినట్టయింది. చివరికి చుక్క ఎలా జారుతుందో, ఎలా పైకి పోతుందో తనే చేతులు తిప్పుతూ చెప్పి వచ్చేసింది.

ఆ సాయంత్రం స్నేహితులు ముగ్గురూ ఇంట్లోనే కూర్చుని మాట్లాడుకుంటుంటే ధైర్యం చేసి నోరు విప్పింది. ఎవరో ఒక కంపెనీ చేతిలో ఉన్న ముక్క మీద మన పాఠాలన్నీ నిలబెట్టుకోవడం మంచిది కాదంది. వాళ్ళు రేపు ఆపేస్తే మనవి ఆగిపోతాయంది. బ్రౌజర్లన్నిటికీ తెలిసిన, ఏ ఒక్కరి సొత్తూ కాని పద్ధతులున్నాయి, వాటితో కదలని బొమ్మలూ కింద మాటలూ అయినా పెడదాం, ఏ బడిలోనైనా తెరుచుకుంటాయి, మెల్లగా అవే కదలడం కూడా నేర్చుకుంటాయి అంది. ఇంత మాట్లాడి ఊపిరి తీసుకుంది. “ఒక్క నొక్కు నొక్కితే వచ్చేదానికి ఇంత రాద్ధాంతమా?” అన్నాడు ఆయన. అది ఆ బడి కంప్యూటరు గోలే గాని మనది కాదని తేల్చేశాడు. స్నేహితుల్లో ఒకడు గ్లాసు చాపి, “టీ మాత్రం అదిరింది వదినా” అన్నాడు. ఆ మాటకి మిగతా ఇద్దరూ నవ్వారు. ఆమె గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ వంటింటి గట్టు ముందు నిలబడి ఎంత ఉడికిపోయిందో ఎవరికీ తెలియదు.

తర్వాత కంపెనీ పెద్దదైంది, జీతాలిచ్చి బొమ్మలు గీసేవాళ్ళని పెట్టుకున్నారు. ఇంటికి రంగులు వేయించినప్పుడు ఆమె అసలు బొమ్మలున్న డిస్కులన్నీ ఆయన పాత సామాను కొనేవాడికి ఇచ్చేశాడు. పాఠాలు సైట్లో ఆడుతున్నాయిగా, ఇవెందుకు అన్నాడు. ఆఫీసులోనూ అందరిదీ అదే పొరపాటు. బిగించి కట్టిన మూట ఉంటే చాలు, లోపలి సరుకు విడిగా దాచనక్కర్లేదనుకున్నారు. ఆ మూట విప్పే ప్లగిన్‌ని చేసినవాళ్ళే ఒకనాడు ఇక సెలవన్నారు. బ్రౌజర్లు దాన్ని ఊడబెరికి అవతల పడేశాయి. అంతే, చుక్కా గింజా నీడా అన్నీ గడి వెనకే ఉండిపోయాయి.

ఇప్పుడు ఆ సంగతి ఆమె కూతురికి ఫోన్ చేసి చెప్పుకుంది. అప్పటి చంటిపిల్ల ఇప్పుడు మరో ఊళ్ళో చిన్న పిల్లలకి టీచరు. పాత ప్లగిన్‌లాగా నటించే ప్రోగ్రాము ఒకటుందమ్మా, దాంట్లో వేసి చూడు, సగమైనా కనిపిస్తుంది అంది కూతురు. వేసి చూసింది. బొమ్మ వంకరటింకరగా వచ్చి ఆగిపోయింది గాని గొంతు మాత్రం వచ్చింది. “నేను చిన్న చుక్కని. నాతో వస్తావా?” అంది ఆ గొంతు. ఎంత లేతగా ఉందో, ఎంత హుషారుగా ఉందో! నిజంగానే ఎక్కడికో బయల్దేరుతున్న పిల్ల గొంతు. వంట మధ్యలో, కాపడాల మధ్యలో, ఆ హుషారంతా ఈ పిల్ల ఎక్కడ దాచుకుందో ఆమెకే అర్థం కాలేదు. నాతో వస్తావా అన్న ముక్క మళ్ళీ మళ్ళీ పెట్టుకుని విని, టేబులు మీద తల వాల్చి హాయిగా ఏడ్చింది.

ఆ గొంతొక్కటి అట్టిపెట్టుకుని మిగతాదంతా మొదటినుంచి గీసింది. భోజనాల బల్ల మీదే దుకాణం పెట్టింది. ఆయన వచ్చేవేళకి ఎత్తేసేది, వెళ్ళాక మళ్ళీ పరిచేది. తెలియనివి నేర్చుకుంది. ఒకపూట పాలు పొంగి స్టవ్వంతా పారాయి, ఇంకోపూట ఆయన కూరలో ఉప్పేదని అడిగాడు. ఉప్పు డబ్బా ఆయన ముందుకి నెట్టింది. తీరా చూస్తే ఇప్పటి బ్రౌజరుకి అన్నీ వచ్చు. ఆకు గీస్తే కదిలిస్తుంది, గొంతు ఇస్తే పలికిస్తుంది, ఎవరి దగ్గరా ఏ ముక్కా అడుక్కోనక్కర్లేదు. గ్లాసులు పట్టుకుని నిలబడ్డ రోజున తను అడిగింది ఇదే. లోకం అక్కడికే వచ్చింది, కాకపోతే తనని పిలవకుండా వచ్చింది. ఆ మాటకి కాస్త కడుపు మండినా, చుక్క మళ్ళీ ఆకు మీద వణికేసరికి అదంతా మర్చిపోయింది.

ముందుగా కూతురి క్లాసుకే పంపింది. పాత కంప్యూటరు, పగిలిన అద్దాల ట్యాబులు, టీచర్ల సొంత ఫోన్లు, అన్నింట్లోనూ తెరుచుకుందట. పిల్లలందరూ తలొక చుక్కని జార్చారట. ఈ చుక్కమ్మ ఎవరని అడిగితే మా అమ్మే అని చెప్పిందట కూతురు. చివర్లో, “ఇది ఎప్పటికీ ఇలాగే ఉంటుంది కదమ్మా? పక్క బడి వాళ్ళూ అడుగుతున్నారు” అంది. ఉంటుందని ఆమె మాటిచ్చింది.

ఆ మాట ఇచ్చిన మర్నాడే, భోజనాల దగ్గర, ఆయన కొత్త కబురు మోసుకొచ్చాడు. వేడుక కోసం ఆమె ఇచ్చిన చుక్క పాఠం చూసి ఆఫీసులో అందరూ నోళ్ళు తెరిచారట. మొత్తం పాఠాలన్నీ ఆమె ఇలాగే చేసిపెడితే కంపెనీ కొత్త యాప్‌లో పెడతారట. యాప్ ఇన్‌స్టాల్ చేసుకుని చందా కట్టినవాళ్ళకే కనిపిస్తాయట. ఆమె చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. బళ్ళ సంగతేమిటని అడిగితే, బళ్ళూ చందా కడతాయి, అది వాళ్ళ గోల అన్నాడు. ఆ పాత బడిలో మునివేళ్ళ మీద నిలబడ్డ పిల్లలు ఆమె కళ్ళ ముందు మెదిలారు.

“ఒక్క సంతకం కావాలి నీది” అన్నాడు ఆయన, పెరుగు కలుపుకుంటూ.

నా సంతకం ఎందుకని అడిగింది. ఆయన పెద్ద జోకు విన్నవాడిలా నవ్వాడు. కంపెనీ లాయరు అదేదో మెలిక పెట్టాడట. ఈవిడ మీ ఉద్యోగి కాదు, ఎన్నడూ జీతం తీసుకోలేదు, డబ్బిచ్చి చేయించుకున్నదీ కాదు, అప్పుడూ ఇప్పుడూ ఊరికే చేసింది, కాబట్టి చట్టం ప్రకారం ఆ పాఠాలన్నీ ఆవిడవే, ఆవిడ సంతకం పెట్టి రాసిస్తే తప్ప కంపెనీవి కావు అన్నాడట. “నీకు జీతం ఇవ్వకపోవడం ఇంత ఇరకాటంలో పెడుతుందని ఎవరనుకున్నారోయ్!” అని ఆయన ఇంకాస్త నవ్వాడు.

ఆమె నవ్వలేదు. ఇన్నేళ్ళూ ఊరికే చేస్తున్నానని ఏడ్చిన పని, ఊరికే చేసినందుకే తనదైంది. గరిట గిన్నెలో పెట్టింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, బల్ల చివరకి నెట్టి ఉంచిన ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. పాఠం మొదటి పేజీ మీద తన పూర్తి పేరు కొట్టింది. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా పంచుకోవచ్చు, ఎవరూ అమ్ముకోకూడదు అని కింద రాసింది. అందరికీ కనిపించేలా నెట్‌లో పెట్టేసి, ఆ పేజీ చిరునామా కూతురికి పంపింది.

“ఏం చేస్తున్నావ్?” అన్నాడు ఆయన.

చెప్పింది. సంతకం పెట్టనని కూడా చెప్పింది. ఆయన ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. కలిపిన ముద్ద చేతిలోనే ఉంది. “మరి వేడుకలో నేనేం చెప్పాలి?” అన్నాడు, కోపమో దిగులో తెలియని గొంతుతో.

“మా ఆవిడ చేసింది, మాకు ఇవ్వనంది, అని చెప్పండి.”