గిజిగాళ్ల ఒడిబియ్యం

శామీర్‌పేట చెరువుకట్ట మీద మక్కకంకులు కాల్చి అమ్మే యాదవ్వ, పొద్దున్నే బొగ్గులు రాజేసి, పక్కన పళ్లెంలో పసుపు బియ్యం కలుపుకొని కూచుంటుంది. ఊరు విడిచిపోయే గిజిగాళ్లు ఆమె చేత ఒడిబియ్యం పోయించుకొని గానీ కదలవు. పుట్టింటి నుంచి పోయే ఆడబిడ్డకు పోసినట్టే, ఒక్కోదానికి ఐదు గింజలు. రెక్కలు ముందుకు ముడిచి ఒడి పడతాయి. నాలుగు ముక్కున కరుచుకొని, ఒకటి వదిలి ఎగిరిపోతాయి. ఒడిబియ్యంలో కొంచెం పుట్టింట్లో వదిలిన ఆడబిడ్డ మళ్లీ వస్తుందంటారు. ఆ గింజల్ని యాదవ్వ ఒక ముంతలో దాస్తుంది.

ఇదివరకు తొలకరికే ఈతచెట్ల నిండా గూళ్లు వేలాడేవి. ఇప్పుడు మృగశిర వచ్చినా ఎండ తగ్గదు, గూటికి పచ్చగడ్డి మొలవదు. నిరుడు పిల్లలు గూళ్లలోనే మాడిపోయాయి. మిగిలిన గూళ్లను ఒక్కరోజు కుండపోత చెరువులో కలిపింది. అప్పటినుంచి పిట్టలు ఉత్తరం దిక్కు పోతున్నాయి.

"ఇయ్యాల ఎందరు బిడ్డలు అవ్వా?" పక్కన చాయ్ బండి పెట్టుకున్న సుందరమ్మ అడిగింది.

"గిదొక్కతే పిల్లా. ఇదే ఆఖరుది." యాదవ్వ పిట్ట వైపు తిరిగింది. "యాడికి పోతవే తల్లీ?"

"నిర్మల్ అవతల వాగున్నదట అవ్వా. గాడ గడ్డి ఇంకా మొలుస్తాందట," అన్నది పిట్ట.

యాదవ్వ చెయ్యి ఆగింది. ఆ వాగు ఒడ్డునే ఆమె పుట్టిల్లు. పెనిమిటి పోయిన పదకొండేళ్లలో తమ్ముడు కుర్మయ్య ఒక్కసారీ పిలవలేదు. భర్త లేనిదానికి ఒడిబియ్యం పొయ్యరు కదా, పిలిచి ఏం చెయ్యాలనుకున్నాడో. ఆ నీళ్లు ఒక్కసారి కాళ్లకు తగిలితే చాలని ఆమెకు ఆశ.

"నీ తమ్మునికి ఏమన్న జెప్పాల్నా?" పిట్ట అడిగింది.

"ఏం జెప్తవ్ తియ్. సల్లగుండుమను."

పిట్ట తన ఐదో గింజను నేల మీద కాదు, యాదవ్వ కొంగులో వదిలి పోయింది.

శ్రావణంలో కుర్మయ్య బస్సు దిగాడు.

"ఏందే అక్కా ఇది? మా వాగు మీద ఈతచెట్లన్ని గూళ్లే. తెల్లారితే సాలు, 'మా అవ్వేదీ' అని నా పానం దీస్తున్నయి. ఇగ అక్కను తోల్కరాకుంటే బువ్వ బెట్టనన్నది నీ మరదలు."

"పిట్టలు జెప్తెగాని అక్క యాదికి రాలేదారా?"

కుర్మయ్య తల వంచాడు. "తప్పయింది. నడువు."

యాదవ్వ కళ్లు తుడుచుకొని లేచింది.

"వట్టి ఒడితోని పోతవా?" సుందరమ్మ బియ్యం సంచి తెచ్చింది.

"నాకు పొయ్యరాదు పిల్లా."

"నాకు గా పట్టింపులు లెవ్వు. కొంగు పట్టు అవ్వా, బస్సు పోతది."

కొంగు నిండింది. యాదవ్వ అందులోంచి పిడికెడు తీసి, పిట్టల గింజలున్న ముంతలో పోసి, సుందరమ్మ చేతిలో పెట్టింది.

"వానలు సక్కగయితే అందరం కలిసే వస్తం. ముంత పైలం."

బస్సు కదిలింది. సుందరమ్మ ముంతను ఎండ తగలకుండా బండి కింద పెట్టి, మూత మీద రాయి పెట్టింది.